వైండింగ్ తీగ నుంచి సూపర్ కండక్టర్ దాకా: కరెంటు నిరోధాన్ని చేత్తో కొలిచి తెలుసుకోవడం ఎలా

అనంతపురం జిల్లాలో బోరున్న రైతుకు నిరోధం అనే మాట తెలియకపోవచ్చు గానీ, దాని దెబ్బ మాత్రం బాగా తెలుసు. ఆరొందల అడుగుల లోతులో మోటారు ఉంటుంది, గట్టు మీద స్టార్టర్ డబ్బా ఉంటుంది, మధ్యలో కేబులు. స్టార్టర్ దగ్గర వోల్టేజీ సరిగ్గానే చూపిస్తుంది, కింద మోటారు మాత్రం గుంజుకోలేక మూలుగుతుంది. మధ్యలో పోయిన వోల్టేజీని తిన్నది కేబులు నిరోధమే.

సూపర్ కండక్టర్ అంటే ఆ నిరోధం బొత్తిగా లేని పదార్థం. దీన్ని చెప్పేవాళ్లు చాలామంది నేరుగా క్వాంటం సిద్ధాంతంతో మొదలుపెడతారు. నా ఉద్దేశంలో అది వెనక నుంచి చదవడం. మామూలు రాగి తీగ నిరోధం చలికి ఎలా తగ్గుతుందో కళ్లతో చూడనివాడికి 'సున్నా' అని చెబితే ఏమీ తగలదు. అందుకే ఇక్కడ వైండింగ్ షాపులో దొరికే తీగతో మొదలుపెడదాం. ఇంటర్ చదివే పిల్లలు, వాళ్లకు పాఠం చెప్పే మాస్టార్లు, బోర్ల పనిచేసే ఎలక్ట్రీషియన్లు, ఎవరైనా చేసి చూడొచ్చు.

సమకూర్చుకోవాల్సినవి

చిన్న డిజిటల్ మల్టీమీటర్ ఒకటి కావాలి. ఎలక్ట్రికల్ షాపుల్లో కనిపించే 830 రకం చవక మీటరు చాలు. మోటారు వైండింగ్ షాపుకెళ్లి 30 గేజి ఎనామిల్ (కరెంటు బయటికి పోకుండా తీగ మీద వేసే పూత) రాగి తీగ 50 గ్రాములు అడగండి. అల్యూమినియం తీగ కూడా అమ్ముతారు కాబట్టి రాగిదే కావాలని గట్టిగా చెప్పండి. ఇంటి వైరింగుకు వాడే 1 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటరు) వైరు పది మీటర్లు, బైకు బ్యాటరీ, 12 వోల్టుల 35 వాట్ల హెడ్‌లైట్ బల్బు, కాస్త ఐసు, గ్రాఫ్ కాగితం తీసుకోండి. పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే పారేయకండి, దానికీ పని ఉంది.

ఇంటి 230 వోల్టుల లైనును ఈ ప్రయోగాల్లో ఎక్కడా ముట్టుకోం. అన్నీ బ్యాటరీతోనే.

మొదటి మెట్టు: మీటరు చెప్పేదాంట్లో ఎంత నిజం

మీటరును 200 ఓమ్‌ల రేంజిలో పెట్టి రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి గట్టిగా తాకించండి. సున్నా రావాలి కదా? రాదు. 0.3 అనో 0.5 అనో చూపిస్తుంది. అది ప్రోబ్ వైర్ల నిరోధం, మొనల దగ్గర తాకిడిలో ఉన్న నిరోధం కలిసినది. ఆ అంకె రాసిపెట్టుకుని ఇక మీదట ప్రతి రీడింగు లోంచి తీసేయండి. కరెంటు ఉన్న సర్క్యూట్లో ఓమ్ రేంజి ఎప్పుడూ వాడకూడదు, మీటరు పోతుంది.

ఇప్పుడు వైండింగ్ తీగ. రెండు కొసల దగ్గర ఎనామిల్‌ను బ్లేడుతోనో ఉప్పుకాగితంతోనో ఎర్రటి రాగి కనిపించేదాకా గీకండి. ఎనామిల్ రంగు కూడా రాగి రంగులాగే ఉంటుంది కాబట్టి గీకామనుకుని గీకకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. మీటరు '1' అని ఎడమ పక్కన ఒంటిగా చూపిస్తూ కదలకపోతే కారణం అదే. సరిగ్గా గీకితే 16 ఓమ్‌ల చుట్టుపక్కల వస్తుంది.

ఆ 16 ఎక్కడి నుంచి వచ్చింది? రాగి తీగ మీటరు పొడవు, 1 చదరపు మిల్లీమీటరు కోత వైశాల్యం ఉంటే దాని నిరోధం సుమారు 0.0175 ఓమ్. పొడవు పెరిగితే అదే నిష్పత్తిలో పెరుగుతుంది, మందం పెరిగితే అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 30 గేజి తీగ వైశాల్యం 0.078 చదరపు మిల్లీమీటర్లు, 50 గ్రాములు తూగితే పొడవు దాదాపు 71 మీటర్లు. 0.0175ను 71తో గుణించి 0.078తో భాగించండి, 16 దగ్గరికి వస్తుంది. అల్యూమినియానికైతే 0.0175 బదులు 0.028 వేసుకోవాలి. హీటర్లలో వాడే నైక్రోమ్‌కు ఈ అంకె 1 దాటిపోతుంది, అంటే రాగికి అరవై రెట్లు పైమాటే.

ఈ ఒక్క లెక్క వస్తే వైర్ల మోసం పట్టుకోవచ్చు. 1 ఎస్‌క్యూ ఎంఎం వైరు 90 మీటర్ల చుట్ట కొంటే దాని నిరోధం 1.6 ఓమ్‌ల దగ్గర ఉండాలి. ఎండాకాలంలో ఇంకొంచెం పెరుగుతుంది. ప్రోబ్‌ల నిరోధం తీసేశాక కూడా 2.3 వస్తే, పైన ప్లాస్టిక్ మందం పెంచి లోపల రాగి తగ్గించారని అర్థం, లేదా పొడవు చెప్పినదానికన్నా ఎక్కువ ఇచ్చారు. రెండోది నేనెప్పుడూ వినలేదు.

రెండో మెట్టు: బోరు కేబులు ఎంత తింటోంది

ఇది కొలిచేది కాదు, లెక్క వేసేది. స్టార్టర్ నుంచి బోరులో మోటారు దాకా కేబులు 250 మీటర్లు అనుకుందాం. 7.5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, నేమ్‌ప్లేట్ మీద 14 ఆంపియర్లు అని ఉంది. కేబులు 4 ఎస్‌క్యూ ఎంఎం రాగి.

ఒక్కో తీగ నిరోధం: 0.0175 గుణించు 250, భాగించు 4. వచ్చేది 1.09 ఓమ్‌లు. ఒక తీగలో వేడి కింద పోయే పవరు కరెంటు వర్గం గుణించు నిరోధం, అంటే 14 గుణించు 14 గుణించు 1.09, సుమారు 214 వాట్లు. మూడు తీగలకూ కలిపి 640 వాట్లు. ముప్పావు గుర్రం కన్నా ఎక్కువ పవరు నీళ్లు తోడకుండా కేబులును వేడి చేయడానికే పోతోంది. అదే 6 ఎస్‌క్యూ ఎంఎం కేబులైతే 430 వాట్లు, 10 ఎస్‌క్యూ ఎంఎం అయితే 257.

ఉచిత కరెంటే కదా, పోతే పోనీ అనేవాళ్లుంటారు. పోయేది యూనిట్లు మాత్రమే అయితే ఆ మాట చెల్లేదేమో. 4 ఎస్‌క్యూ ఎంఎం కేబులులో దాదాపు 20 వోల్టుల పైనే దారిలో పడిపోతుంది. లైనులో అసలే 370, 380 వోల్టులు వస్తున్న ఊళ్లో ఇంకో ఇరవై తగ్గితే, అదే నీళ్లు ఎత్తడానికి మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగ్ వేడెక్కుతుంది. వేడెక్కితే వైండింగ్ నిరోధమూ పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. మోటారు పైకి లాగి, రీవైండింగ్ చేయించి, మళ్లీ దించే ఖర్చు ముందు మందపాటి కేబులుకు పెట్టే అదనపు డబ్బు పెద్దదేం కాదు.

వర్గం అన్న ముక్కను గట్టిగా పట్టుకోండి. కరెంటు సగమైతే నష్టం పావు అవుతుంది. పెద్ద లైన్లన్నీ హై వోల్టేజీ మీద నడిచేది ఇందుకే. కర్నూలు దగ్గర గని, శకునాల సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. అంత పవరును 11 కేవీ మీద పంపాలంటే ఒక్కో ఫేజులో 52 వేల ఆంపియర్లు పారాలి, ఏ తీగా తట్టుకోదు. 400 కేవీ మీదైతే 1,450 ఆంపియర్లు చాలు. పొలాల్లో కనిపించే చిన్న 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ల వెనక ఉన్నదీ ఇదే లెక్క. 11 కేవీ లైనును మోటార్లకు దగ్గరగా తెచ్చి, తక్కువ వోల్టేజీ (ఎల్‌టీ) లైను పొడవు తగ్గించడం.

మూడో మెట్టు: నాలుగు తీగల కొలత

బోర్ల పనికి ఇది అవసరం లేదు. సూపర్ కండక్టర్‌ను అర్థం చేసుకోవడానికి మాత్రం ఇది రాకుండా కుదరదు. చిన్న చిన్న నిరోధాలను ఓమ్ రేంజిలో కొలవబోతే ప్రోబ్‌ల నిరోధమే దాన్ని మింగేస్తుంది. కాబట్టి కరెంటు పంపే దారి వేరు, వోల్టేజీ చూసే దారి వేరు చేయాలి.

బైకు బ్యాటరీ ప్లస్ నుంచి బల్బుకు, బల్బు నుంచి పది మీటర్ల వైరుకు, దాని రెండో కొస నుంచి బ్యాటరీ మైనస్‌కు కలపండి. బల్బు లేకుండా వైరును నేరుగా బ్యాటరీకి కలపొద్దు, క్షణంలో కాలిపోతుంది. బల్బు వెలిగాక మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి ఒకసారి సిరీస్‌లో కరెంటు చూడండి. మూడు ఆంపియర్లకు కొంచెం తక్కువగా ఉంటుంది. చవక మీటర్లలో ఆ సాకెట్‌కు ఫ్యూజు ఉండదు, పది సెకన్లకు మించి ఉంచకండి. తర్వాత ప్రోబ్‌ను మామూలు సాకెట్లోకి మార్చి, 2000 మిల్లీవోల్టుల డీసీ రేంజిలో పెట్టి, వైరు రెండు కొసల మీద లోపలి వైపు ప్రోబ్‌లు ఆనించండి. 500 మిల్లీవోల్టుల దగ్గర వస్తుంది. అర వోల్టును 2.9 ఆంపియర్లతో భాగిస్తే 0.17 ఓమ్. లెక్క ప్రకారం రావాల్సింది 0.175.

ఇక్కడ ప్రోబ్‌ల నిరోధం ఎందుకు అడ్డం రాలేదు? వోల్టేజీ కొలిచేటప్పుడు మీటరు గుండా పారే కరెంటు లేనంత తక్కువ. కరెంటే లేనప్పుడు ప్రోబ్ వైర్లలో పడిపోయే వోల్టేజీ కూడా ఉండదు. సూపర్ కండక్టర్ మీద పనిచేసే ప్రతి ల్యాబులోనూ ఇప్పటికీ వాడే పద్ధతి ఇదే, మీటర్లు మాత్రం నానోవోల్టులు చూడగలిగేవి.

అదే సర్క్యూట్లో ఇంకో పని చేయండి. వైరును మధ్యలో కత్తిరించి, రెండు కొసల్నీ వదులుగా మెలితిప్పి, ఆ అతుకుకు అటూ ఇటూ ప్రోబ్‌లు పెట్టి చూడండి. తర్వాత ప్లయర్‌తో గట్టిగా బిగించి చూడండి. వదులు అతుకులో పడిపోయే వోల్టేజీ చూస్తే, స్టార్టర్ డబ్బాలో ఒక్క టెర్మినల్ మాత్రమే నల్లగా మాడి ఎందుకుంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

నాలుగో మెట్టు: వేడి, చలి, ఒక గీత

నాకు అన్నిట్లోకీ ఇష్టమైన భాగం ఇది. వైండింగ్ తీగను ఏదైనా చిన్న పైపు ముక్క మీద చుట్టి, రెండు కొసలకు అర మీటరు వైరు ముక్కలు సోల్డర్ చేయండి. మూడు చోట్ల నిరోధం కొలవాలి: గది వేడిలో, ఐసు కలిపిన నీళ్లలో, మరుగుతున్న నీళ్లలో. ప్రతిసారీ ఐదు నిమిషాలైనా ఉంచి, అంకె కదలడం ఆగాక రాసుకోండి. ఐసు ముక్కలు నీళ్లలో తేలుతూ ఉండగానే కొలవాలి, అప్పుడే అది సున్నా డిగ్రీలు. అనంతపురం సముద్ర మట్టానికి మూడొందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 99 డిగ్రీలకే మరుగుతాయి. మేలో గది 35 డిగ్రీలుంటే అంకెలు ఇలా రావాలి: ఐసులో 14.7, గదిలో 16.9, మరిగే నీళ్లలో 21.

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా నిరోధం వేసి మూడు చుక్కలు పెట్టండి. మూడూ ఒకే గీత మీద కూర్చుంటాయి. కాగితం ఎడమ వైపు మైనస్ 300 దాకా చోటు ముందే వదిలి ఉంచండి. ఇప్పుడు స్కేలు పెట్టి ఆ గీతను ఎడమకు, కిందికి పొడిగించుకుంటూ వెళ్లండి. నిరోధం సున్నా అయ్యే చోట, మైనస్ 230 చుట్టుపక్కల, అది అడుగు గీతను తాకుతుంది. మీటరు పదో వంతు ఓమ్ వరకే చూపిస్తుంది కాబట్టి కొన్ని డిగ్రీలు అటూ ఇటూ రావచ్చు. జాగ్రత్తగా చేస్తే వచ్చే అసలు అంకె మైనస్ 234.5.

మోటార్ల టెస్టింగ్ చేసేవాళ్లకు 234.5 పరిచయమే. చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కాకా వైండింగ్ నిరోధం కొలిచి, లోపలి ఉష్ణోగ్రత ఎంతో చెప్పే సూత్రంలో ఉండేది ఈ అంకే.

కారణం సూటిగానే చెప్పొచ్చు. రాగిలో అణువులు వరసగా పేర్చి ఉంటాయి గానీ కదలకుండా ఉండవు, ఉన్నచోటే వణుకుతుంటాయి. ఎలక్ట్రాన్లు ఆ వణుకుకు తగిలి దారి తప్పుతాయి, వాటి శక్తి అణువులకు చేరి వేడిగా మారుతుంది. వేడి పెరిగితే వణుకు పెరుగుతుంది, నిరోధం పెరుగుతుంది. 100 వాట్ల ఫిలమెంటు బల్బు హోల్డర్‌లోంచి తీసి చల్లగా ఉన్నప్పుడు కొలవండి, 40 ఓమ్‌ల దగ్గర వస్తుంది. అది వెలుగుతున్నప్పుడు ఉండాల్సిన నిరోధం 230 గుణించు 230 భాగించు 100, అంటే 529 ఓమ్‌లు. పదమూడు రెట్లు. ఫిలమెంటు రెండున్నర వేల డిగ్రీలకు ఎక్కుతుంది మరి.

ఐదో మెట్టు: గీత చివర ఏముంది

మీరు పొడిగించిన గీత ఒక ఊహ మాత్రమే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శాస్త్రవేత్తలు కూడా ఇలాంటి గీత ముందే కూర్చుని వాదించుకున్నారు. చలి పెరిగేకొద్దీ నిరోధం మెల్లగా సున్నాకు చేరుతుందని కొందరన్నారు. మలినాల వల్ల ఒకచోట ఆగిపోతుందని కొందరు. ఎలక్ట్రాన్లే గడ్డకట్టి నిరోధం అనంతమైపోతుందని లార్డ్ కెల్విన్. తేల్చాలంటే అంత చలి కావాలి. హాలండ్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ 1908 జూలై 10న హీలియంను ద్రవంగా మార్చి ఆ చలిని సంపాదించాడు. అది మైనస్ 269 డిగ్రీలు.

మొదట ప్లాటినం, బంగారం చూశాడు. గీత వంగి, ఒక చిన్న విలువ దగ్గర ఆగిపోయింది. మలినాలే కారణమనుకుని, బాగా శుద్ధి చేయగల లోహం కావాలని పాదరసాన్ని ఎంచుకున్నాడు. ద్రవం కాబట్టి దాన్ని మళ్లీ మళ్లీ ఆవిరి చేసి శుద్ధి చేయొచ్చు. 1911 ఏప్రిల్ 8న కొలిస్తే, 4.2 కెల్విన్ (మైనస్ 273 డిగ్రీలను సున్నాగా పెట్టుకుని లెక్కపెట్టే కొలత, అంటే మైనస్ 269) దగ్గర పాదరసం నిరోధం మెల్లగా తగ్గలేదు, ఉన్నపళంగా మాయమైంది. ఎవరూ అనుకోని నాలుగో జవాబు అది. తర్వాత తేలిందేమంటే, శుద్ధికీ దీనికీ సంబంధం లేదు, మలినాలున్న పాదరసమూ అలాగే చేస్తుంది. తప్పు కారణంతో సరైన లోహాన్ని పట్టుకున్నాడు. 1913లో నోబెల్ వచ్చింది.

మీటరు సున్నా చూపిస్తే అది నిజంగా సున్నాయేనా? మొదటి మెట్టు చేసినవాళ్లకు ఈ అనుమానం రావాలి. మీటరు సున్నా అన్నంత మాత్రాన అది మీటరు చూడగలిగినదానికన్నా తక్కువ అని మాత్రమే అర్థం. అందుకే ఓన్స్ ఇంకో దారి పట్టాడు. సూపర్ కండక్టర్ చుట్టలో కరెంటు మొదలుపెట్టి, బ్యాటరీ తీసేసి, ఊరికే చూస్తూ కూర్చున్నాడు. మామూలు రాగి చుట్టలో అయితే అది రెప్పపాటు కూడా నిలవదు. ఇందులో గంటలు గడిచినా తగ్గలేదు. ఇలాంటి కరెంటు లక్ష ఏళ్లకు తక్కువ కాకుండా నిలుస్తుందని 1963లో చేసిన కొలతలు తేల్చాయి.

మీ చేతిలోని రాగి మాత్రం ఎంత చల్లబరిచినా సూపర్ కండక్టర్ కాదు. వెండి, బంగారం కూడా కావు. సీసం 7.2 కెల్విన్ దగ్గర, తగరం 3.7 దగ్గర, అల్యూమినియం 1.2 దగ్గర అవుతాయి. మంచి వాహకాలేమో కావడం లేదు, ఓ మోస్తరువి అవుతున్నాయి, ఇదేమి తిరకాసు?

జవాబు 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ ఇచ్చారు. ఒక ఎలక్ట్రాన్ అణువుల మధ్య నుంచి వెళ్తుంటే, ధనావేశమున్న ఆ అణువులు దానివైపు కొంచెం ఒరుగుతాయి. అవి వెనక్కి సర్దుకునేలోపు ఎలక్ట్రాన్ ముందుకెళ్లిపోతుంది, ఆ చోట మాత్రం కాసేపు ధనావేశం ఎక్కువగా ఉంటుంది. అది ఇంకో ఎలక్ట్రాన్‌ను లాగుతుంది. వానకు తడిసిన రేగడి చేలో ఒక బండి పోతే పడే గాడిలోకి వెనక వచ్చే బండి చక్రం జారుకున్నట్టు, మొదటి ఎలక్ట్రాన్ వదిలిన గుర్తు రెండోదాన్ని పట్టుకుంటుంది. అలా ఎలక్ట్రాన్లు జతలు కడతాయి. జతలన్నీ కలిసి ఒకే స్థితిలో కదులుతాయి. ఒక్క జతను దారి తప్పించాలంటే దాన్ని విడగొట్టేంత శక్తి కావాలి, అంత చలిలో అణువుల వణుకులో ఆ శక్తి ఉండదు. మామూలప్పుడు నిరోధానికి కారణమైన ఆ అణువుల కదలికే ఇక్కడ జత కట్టించే పని చేస్తోంది. రాగిలో ఎలక్ట్రాన్లకూ అణువుల వణుకుకూ మధ్య పట్టు తక్కువ. అందుకే అది గది వేడిలో మంచి వాహకం. అందుకే జతలూ కట్టలేదు.

ఆరో మెట్టు: లిక్విడ్ నైట్రోజన్‌తో

హీలియం చలి మనకు అందేది కాదు. మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ మాత్రం మన ఊళ్లకు రోజూ వస్తూనే ఉంది. పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర దగ్గరుండే డబ్బాలో వీర్యనాళికల్ని ఉంచేది అందులోనే. ఆయన్ని మాత్రం అడగొద్దు. అది తగ్గితే నాళికలు పాడవుతాయి, ఎవరి ఆవుకో నష్టం. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. మీ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ ద్వారా అలాంటి చోట అడిగి, అలవాటున్నవాళ్ల సమక్షంలోనే చేయండి.

జాగ్రత్తలు తప్పవు. ఒక లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. మూత బిగించిన సీసాలో పోస్తే అది బాంబే. తలుపులు మూసిన గదిలో ఒలికితే ఆక్సిజన్ తగ్గి మనిషి చెప్పాపెట్టకుండా పడిపోతాడు. కిటికీలు తెరవండి, కళ్లద్దాలు పెట్టుకోండి, ద్రవం లోపలికి జారిపోయేలా ఉండే గుడ్డ గ్లోవ్స్ వాడొద్దు.

మొదట మీ వైండింగ్ చుట్టనే మెల్లగా అందులో దించండి. మీరు గీసిన గీత మైనస్ 196 దగ్గర 2.4 ఓమ్‌లు రావాలంటుంది, మీటరు 2 దగ్గర ఆగుతుంది. గీత అప్పుడే వంకర పోవడం మొదలైందన్నమాట.

తర్వాత అసలు సరుకు. 1986లో బెడ్‌నోర్జ్, ముల్లర్ ఒక రాగి ఆక్సైడ్ పింగాణీలో 35 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టివిటీ చూశారు. మరుసటి ఏడాది ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పదార్థం 92 కెల్విన్‌కు వెళ్లింది. దీన్నే వైబీసీఓ అంటారు. నైట్రోజన్ మరిగేది 77 కెల్విన్ దగ్గర కాబట్టి హీలియం అవసరం తీరిపోయింది. నల్లటి బిళ్లల రూపంలో ప్రయోగశాల సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. గది వేడిలో మీటరు పెట్టి చూడండి, రాగి కన్నా ఎంతో చెడ్డ వాహకం.

థర్మోకోల్ గిన్నెలో బిళ్ల పెట్టి, నైట్రోజన్ పోసి, బుసబుస మరగడం తగ్గేదాకా ఆగండి. తర్వాత చిన్న నియోడిమియం అయస్కాంతాన్ని ప్లాస్టిక్ పట్టకారుతో పైన వదలండి. కొన్ని మిల్లీమీటర్ల ఎత్తున గాలిలో నిలబడుతుంది. వేలితో తిప్పితే తిరుగుతుంది.

ఇప్పుడు వరస మార్చండి. అయస్కాంతాన్ని మధ్యలో పలుచటి అట్టముక్క పెట్టి ముందే బిళ్ల మీద ఉంచి, తర్వాత చల్లబరచండి. నిరోధం లేకపోవడం ఒక్కటే అయితే ముందున్న అయస్కాంత క్షేత్రం అలాగే ఉండిపోవాలి, ఎందుకంటే మారే క్షేత్రాన్ని మాత్రమే అది అడ్డుకోగలదు. కానీ అసలైన సూపర్ కండక్టర్ చల్లబడగానే లోపలున్న క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది. 1933లో మైస్నర్, ఆక్సెన్‌ఫెల్డ్ కనిపెట్టింది ఇదే. సీసం, తగరాల్లో ఇది శుభ్రంగా కనిపిస్తుంది. వైబీసీఓలో కొంత క్షేత్రం సన్నటి దారాల్లా లోపలే చిక్కుకుపోతుంది. అందుకే రెండో వరసలో అయస్కాంతాన్ని పైకెత్తితే కింద బిళ్ల కూడా వేలాడుతూ లేస్తుంది. పని అయ్యాక బిళ్లను తుడిచి, వెచ్చటి గాలికి ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో దాచండి. తేమ దాన్ని తినేస్తుంది.

మరి బోరుకు ఎందుకు వాడకూడదు

సూపర్ కండక్టర్‌కు మూడు హద్దులున్నాయి: ఉష్ణోగ్రత, అయస్కాంత క్షేత్రం, కరెంటు. ఏ ఒక్కటి దాటినా మామూలు పదార్థమైపోతుంది. పైగా ఏసీ కరెంటులో వీటికీ కొంత నష్టం ఉంటుంది, చల్లబరిచే మిషనుకు కరెంటు ఎలాగూ కావాలి. 640 వాట్లు మిగిల్చడానికి బోరు చుట్టూ నైట్రోజన్ పైపులు వేయడం పిచ్చిపని. 10 ఎస్‌క్యూ ఎంఎం కేబులు వేసుకోండి. స్థలం లేని పెద్ద నగరాల్లో మాత్రం లెక్క మారుతుంది. జర్మనీలోని ఎస్సెన్‌లో 2014లో కిలోమీటరు పొడవున 10 కేవీ సూపర్ కండక్టర్ కేబులు నేలలో వేశారు.

ఇది నిజంగా అన్నం పెడుతున్న చోటు ఎంఆర్ఐ. కర్నూలులోనో అనంతపురంలోనో 1.5 టెస్లా మిషన్లో పడుకుని వచ్చినవాళ్లు సూపర్ కండక్టర్ చుట్ట మధ్య నుంచి లేచొచ్చినట్టే. నయోబియం, టైటానియం కలిసిన తీగ, చుట్టూ లిక్విడ్ హీలియం. ఒకసారి కరెంటు ఎక్కించి సప్లై తీసేస్తారు, అది ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. స్కాన్ లేనప్పుడు కూడా కీచుకీచుమని వినిపించేది హీలియంను చల్లగా ఉంచే మిషను. రాత్రి అందరూ వెళ్లిపోయినా అయస్కాంతం ఆగదు, అందుకే ఇనుప సిలిండరుతో ఆ గదిలోకి ఏ వేళప్పుడూ వెళ్లకూడదు.

అతుకుల సంగతి ఇక్కడా తప్పలేదు. జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే ఎల్‌హెచ్‌సీ యంత్రంలో 1,232 పెద్ద వంపు అయస్కాంతాలు 1.9 కెల్విన్‌లో పనిచేస్తాయి. 2008 సెప్టెంబరు 19న రెండు అయస్కాంతాల మధ్య ఒక అతుకు చెడింది. దాని నిరోధం ఓమ్‌లో కోటి భాగాలు చేస్తే ఓ రెండు భాగాలు, అంతే. వేల ఆంపియర్ల కరెంటులో అదే కరిగి, మెరుపు పుట్టి, హీలియం టన్నుల లెక్కన సొరంగంలోకి చిమ్మింది. యంత్రం మళ్లీ నడిచేసరికి ఏడాది దాటింది.

కొత్త వార్త వస్తే ఎలా పరీక్షించాలి

గది వేడిలో పనిచేసే సూపర్ కండక్టర్ దొరికిందన్న వార్త ప్రతి రెండు మూడేళ్లకూ ఫోన్లలో తిరుగుతుంది. ఇంతదూరం వచ్చారు కాబట్టి మీరే జల్లెడ పట్టొచ్చు. ముందు ఒత్తిడి ఎంతో చూడండి. 2019లో లాంథనం హైడ్రైడ్ 250 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 23 డిగ్రీలకే సూపర్ కండక్టర్ అయింది, అది నిజమే. కానీ వాతావరణ పీడనానికి దాదాపు 17 లక్షల రెట్ల ఒత్తిడిలో, రెండు వజ్రాల మొనల మధ్య, కంటికి ఆనని రేణువులో. తర్వాత, నిరోధాన్ని నాలుగు తీగలతో కొలిచారా, గ్రాఫ్‌లో అడుగు గీత దాకా వెళ్లిందా లేక తగ్గి ఆగిందా చూడండి. మూడోది, చల్లబడుతుండగా క్షేత్రాన్ని బయటికి నెట్టిందా? చివరిగా, వేరే ల్యాబుల్లో ఎవరికైనా అలాగే వచ్చిందా?

2023 జూలైలో గది వేడిలోనే సూపర్ కండక్టర్ అంటూ కొరియా నుంచి ఎల్‌కే-99 అనే పదార్థం వచ్చినప్పుడు అందరూ పంచుకున్నది ఒక వీడియో: నల్లటి ముక్క అయస్కాంతం మీద ఒక పక్క లేచి, రెండో పక్క ఆనుకుని ఉండటం. నిరోధం 104 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా పడిపోయిన గ్రాఫ్ కూడా ఉంది. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీతో సహా చాలా చోట్ల తయారుచేసి చూశారు, సూపర్ కండక్టివిటీ కనిపించలేదు. ఒక పక్క లేవడానికి మామూలు అయస్కాంత గుణం చాలు. నిరోధం పడిపోవడానికి కారణం అందులో మలినంగా కలిసిన కాపర్ సల్ఫైడ్, ఆ వేడి దగ్గర దాని నిర్మాణం మారుతుంది.